బండి కట్టాక వచ్చిన నొప్పి

మర్నాటి నుంచి ఆషాఢం. కొత్త దంపతులు ఆ నెల ఒక గూట్లో ఉండకూడదు గనక, చెల్లెల్ని పెంటపాడు తీసుకెళ్లడానికి అన్నగారు వచ్చాడు. భీమడోలు స్టేషనుకి ఎడ్లబండి కట్టించి వాకిట్లో కూర్చున్నాడు. గదిలో మొగుడేమో నడుం పట్టేసిందని బోర్లా పడుకున్నాడు. ఆమె ఆముదం గిన్నెతో పక్కన చేరింది.

“ఎక్కడండీ నొప్పి?”

“ఎడం పక్క.”

“అత్తయ్యగారితో కుడి పక్కన్నారటగా?”

“అప్పుడు కుడి పక్కే. అది తిరుగుతోంది.”

“పొద్దున్న ధాన్యం బస్తా ఎత్తినప్పుడు లేదే?”

“అప్పటికింకా మీ అన్నయ్య రాలేదుగా!”

“సరే, కదలకండి. రాస్తాను.”

“అమ్మో! చచ్చాన్రా దేవుడో!”

“నేనింకా చెయ్యి వెయ్యనేలేదండీ.”

“వేస్తే ఎంత నొప్పెడుతుందో ముందే తెలిసిపోయింది.”

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“అయితే నొప్పి నడుంలో లేదు. అంతా మీ మనసులోనే ఉందన్నమాట.”

“మనసులో ఉంటే మాత్రం అది నొప్పి కాదేంటి? నెల్లాళ్లు...”

మిగతా మాట తలగడలోకి పోయింది. ఆమె నవ్వూ ఎటో పోయింది.

“చెల్లాయ్! రైలుకి టైమవుతోందే!” అని వాకిట్లోంచి కేక.

ఆమె గిన్నె కింద పెట్టి నడుం పట్టుకుంది.

“అన్నయ్యా, ఎడ్లని విప్పించెయ్యి! సాయంత్రం రైలుకి వెళ్దాం. నాకూ నడుం పట్టేసింది!”

మొగుడు మంచం మీంచి ఒక్క గెంతు గెంతాడు.

“అయ్యో, ఎక్కడే?”

“తిరుగుతోందండీ.”