రాళ్లకుంట మీద ఎర్ర చుక్క

హలో… ఆ, నేనే. కమలాకర్‌నే. ఎవరు?

…సుమననా? హైదరాబాద్ కంపెనీ సుమననా?

ఓ… బాగున్న బిడ్డా. నా లైన్లు చూసే పని మీ కంపెనీకి బంద్ చేసి రెండు నెలలైతాంది, గిప్పుడు యాదికొచ్చిన్నా? ఏం పనివడ్డది?

…జానయ్య సంగతా.

ఆగు, ఆగు. నేను ఆయనను తీస్కొని పోలీస్ స్టేషన్‌కు వచ్చినట్టు నీకెవరు చెప్పిండ్రు?

…పూజనా. మా అన్న బిడ్డ పూజ. నా షాపుల కూసొని, నా చాయ తాగుకుంట, నా ముచ్చట్లు హైదరాబాద్‌కు చేరవేస్తాందన్నట్టు. మంచిగుంది.

…లేదు, ఆమెనేమనను. నువ్వడుగు.

…ఎందుకంటే ఏం చెప్పాలె? రాళ్లకుంట నీకు తెల్సు గద, మొన్నటిదాంక నువ్వే చూస్తుంటివి. ఆ ఊర్లె నా ఇంటర్నెట్ రోజు పొద్దుగాల పోతాంది, పొద్దుగూకంగ వస్తాంది. దసరా పోయినకాడికెల్లి ఇదే కత. షాపుల టీవీ మీద, లైన్ల మ్యాపుల రాళ్లకుంట కాడ ఎర్ర చుక్క కొట్టుకుంటనే ఉంటది. జనం నన్ను తిట్టుడు. ఇంతట్ల నాకు పోటీ కేబులోడు విజేందర్ కొత్త తీగె గుంజుతుండు. ఏ ఊర్లె? సక్కగ రాళ్లకుంటలనే.

…ఊకెనే జరిగిందా? వ్యాపారంల ఊకెనే ఏదీ జరగదు బిడ్డా.

ఊరికి లైనిచ్చే డబ్బా తాళంచెవి ఒక్క నా లైన్‌మెన్ జానయ్య కాడనే ఉంటది. పొద్దుగాల బంద్ చేసేది ఆయన, పొద్దుగూకంగ ఇడిసేది ఆయన. ఇంకెవరికి కుదురుతది? మొన్న విజేందర్‌తోని హోటల్ల కూసొని చాయ తాగుతుండంగ నా కండ్లతోని చూసిన.

…ఇద్దరిది ఒక్క ఊరే. అయితే? ఒక్క ఊరోల్లైతే మోసం చేయరా?

…అడిగిన. అడుగకుంట తీస్కొస్తనా స్టేషన్‌కు? డబ్బా ఉన్న ఇంటోల్లు మెయిన్ బంద్ చేసి పోతున్నరు సేటు, అందుకే లైను పోతాంది అన్నడు. నేను సబ్‌స్టేషన్‌కు ఫోన్ కొట్టిన. ఊరంత కరెంటు ఉన్నదన్నరు. అయినా పట్టపగలు రోజు మెయిన్ బంద్ చేస్కునేటోల్లు ఎవరన్న ఉంటరా? ఇంట్ల ఫ్రిజ్జు ఉండదా? అబద్ధం గూడ సక్కగ ఆడస్తలేదు ఆయనకు.

…ఆ, అది నిజమే. మీరు చూసినన్ని రోజులు గీ లొల్లి లేకుండె.

ఇప్పుడొచ్చినవ్ దారికి. గిందుకే ఫోన్ చేసినవన్నట్టు. అన్నా, మళ్ల మాకే ఇయ్యి, నీ లైన్లన్నీ మేం చూస్తం అని. మీ సార్ చేపిస్తుండా ఈ ఫోన్?

…నీ సొంతానికా. సరే, నమ్మిన అనుకో.

చూడు సుమనా. నేను ఈ కేబుల్ దందా కంటె ముందు పత్తి కొన్నోన్ని. బస్తా మీద తెల్లగుంటది, మూతి ఇప్పి నడుమ చెయ్యి పెడితే తడి తగుల్తది. చెయ్యి పెట్టకుంట ఒక్క బస్తా కొనలె నేను. మీ కంపెనీ లెక్కల గూడ గట్లనే చెయ్యి పెట్టి చూసిన. నెల నెల గన్ని పైసలు తీస్కొని ఏం చేస్తున్నరయ్యా వీల్లు అని. ఏముంది? టీవీ మీద చుక్కలు చూసుడు. పచ్చగుంటే ఊకుండుడు, ఎర్రగైతే జానయ్యకు ఫోన్ కొట్టుడు. దానికి హైదరాబాద్ ఎందుకు? టీవీ కొని గోడకు కొట్టిన, పూజను కూసోబెట్టిన. నా పైసలు నా ఇంట్లనే ఉన్నయి. తప్పా?

…చుక్కలు చూసుడే కాదా? ఇంకేం చేస్తుంటివి?

…ఎవరికి ఫోన్ చేస్తుంటివి? బిక్షమ్మ ఎవరు?

…డబ్బా ఆమె ఇంట్లనే ఉన్నదా. ఉంటదేమో. పెట్టింది జానయ్య, నేనేడ చూడవోయిన.

…రోజు పొద్దుగాలనా? పత్తి ఏరే దినాలల్ల రోజు చేస్తుంటివా? ఏమని?

…మెయిన్ బంద్ చేయకు అవ్వా, బల్బులు ఫ్యానులు బంద్ చేసి పో అని. ఆ. …డబ్బాలున్న ఇండ్లన్నింటికి? మీ సార్ చెప్పిండా చేయమని?

…చెప్పలె. పైసలు గూడ ఇయ్యలె. మరెందుకు చేసినవ్?

…లైను పోకుండ చూసుడే నా పని అన్నా అంటవ్. నవ్వకు బిడ్డా, నాకు నవ్వొస్తలేదు. ఎస్సై సారు లోపల ఉన్నడు, ఎప్పుడన్న పిలుస్తడు.

అంటే ఇప్పుడు నువ్వు ఫోన్ చేస్తలేవు, అందుకని లైను పోతాంది. గంతే గద? మరి నాకు ఇంకో తీరు అనిపిస్తాంది. ఆ ముసలామెతోని బంద్ చేపిస్తున్నదే నువ్వేమో. కమలాకర్ తిప్పలువడాలె, మళ్ల మన కాడికే రావాలె అని.

…కోపానికొస్తే ఎట్ల? కలుపు మరి. ఆమెను ఈ ఫోన్లనే కలుపు. నువ్వు నడుమ ఒక్క మాట మాట్లాడొద్దు. …ఆ, పట్టుకొని ఉన్న.

…

హలో. బిక్షమ్మవ్వనా? …చేన్ల ఉన్నవా. నేను కమలాకర్‌ను అవ్వా, చిట్యాల కేబుల్ కమలాకర్‌ను. …నీ ఇంట్ల గోడకు డబ్బా ఉన్నది గద, అది నాదే.

…జానయ్యది కాదు, నాది. …సుమనది గూడ కాదవ్వా.

సుమనా, నవ్వు ఇనవడుతాంది.

అవ్వా, ఒక్కటే మాట. ఇయ్యాల మెయిన్ బంద్ చేసిందెవరు? …నువ్వేనా. ఎవరన్న బంద్ చేయమన్నరా? విజేందర్ మనుషులొచ్చిండ్రా? ఈ హైదరాబాద్ పిల్ల చెప్పిందా? …నిజం చెప్పు, నేనేమనను.

…పత్తా?

…ముందటి అర్ర నిండ పోసినవా. డబ్బా కిందికేనా? …ఆ. …తెల్సవ్వా, చిన్న నిప్పు రవ్వ చాలు. మీ ఊర్లె నేను గూడ పత్తి కొన్న. …తూకం సంగతి ఇప్పుడెందుకవ్వా.

మరి నిరుడు గూడ ఆడనే పోసినవ్ గద? నిరుడెందుకు బంద్ చేయలె?

…సుమన చూస్తుండెనా.

…డబ్బా జర వేడైనా నాకు ఈడ తెలుస్తది, జానయ్యను ఉరికిస్త అన్నదా. ఆ ధీమ మీద ఇడిసిపెట్టి పోతుంటివి.

ఇప్పుడు గూడ చూస్తున్నరవ్వా. మా పూజ చూస్తది. …పూజ, మా అన్న బిడ్డ. …లేదు, నీకు ఫోన్ చేయలె. …నీ నంబరు ఆమెకు తెల్వది.

…జానయ్య వచ్చి చెప్పిండా? మస్తుసార్లా. …కాల్లు మొక్కినంత పని చేసిండా. నువ్వేమన్నవ్? …పత్తి కాలిపోతే మీ సేటు ఇస్తడా అన్నవా.

…సరే అవ్వా. ఏరుకో. ఉంట.

…సుమనా, ఉన్నవా?

ఆమె కత అల్లినట్టు లేదు. గది ఒప్పుకుంట. మరి విజేందర్‌తోని జానయ్యకు ఏం పని?

…పనికి పిలిచిండా. …రానన్నడా? నా కాడికెల్లి పోయేది లేదన్నడా. నీకు చెప్పిండు గని నాకెందుకు చెప్పలె? చెప్తే నేను నమ్మకపోదునా?

…

సరే. నమ్మకపోదును.

ఒక్క నిమిషం — ఆ సార్, కమలాకర్‌నే. వస్తున్న సార్, జర ఫోన్ల ఉన్న.

లోపలికి రమ్మంటుండ్రు. …కంప్లైంట్ ఇయ్య. రాసిన కాయిదం చింపేస్త. పొరపాటైందని చెప్పి బయటవడ్త. …జానయ్యనా? ఈడనే, గేటు కాడ బెంచి మీద ఉన్నడు. ఉండు, ఫోన్ ఇస్త, నువ్వే చెప్పు.

జానయ్యా. ఓ జానయ్యా.

…

లేడు.

…లేడంటున్న గద. బెంచి మీద తాళంచెవుల గుత్తి ఉంది, అన్ని ఊర్లయి. పక్కన తీగెలు అతికే మిషిను ఉంది, సంచిల పెట్టి మూతి కట్టిండు.

…దొంగైతే గంత ఖరీదు మిషిను ఇడిసిపెట్టి పోడు. అవును. నువ్వు చెప్పాల్నా నాకు?

…ఇన్నడేమో. నేను ఈ మెట్ల మీదనే నిలవడి మాట్లాడుతున్న. మొదటి మాటలే ఇన్నడేమో, అవ్వ మాట్లాడినప్పుడు లేడేమో.

రోడ్డు మీద గూడ కనవడుతలేడు. నా ఫోన్ ఎత్తడు. నువ్వు చెయ్యి బిడ్డా. నీదైతే ఎత్తుతడు. సేటు రమ్మంటుండని చెప్పు.

…ఎందుకు చేయవు?

…నేనే పోయి పిలవాల్నా? ఎటు పోయిండని పిలవాలె? విజేందర్ కాడికి పోతుండా? సుమనా, నీకు ముందుగాల్నే తెల్సా? అందుకే గీ టైముకు ఫోన్ చేసి నన్ను మాటల్ల పెట్టినవా? మీరిద్దరు అనుకొనే —

హలో?

హలో… సుమనా?