సంచిలో ఇంకా సగం ఉంది

ఇంత నెమ్మదిగానా తల్లీ? ఒక చుక్క పడి ఇంకో చుక్క పడేలోపు నేను గడ్డం గీసుకుని వచ్చేస్తాను. పెంచు, ఇంకాస్త పెంచు. ఈ వార్డు నర్సమ్మలందరిలోకీ నీకే కాస్త ధైర్యం ఉందనుకున్నా.

ఆఁ, ఇప్పుడు కాస్త వేగం పెంచావు. బాగానే ఉన్నా. మాటిమాటికీ చలిగా ఉందా, దురదగా ఉందా అని అడక్కు.

నేనెవర్ననుకున్నావు? బస్సుల్లో టికెట్లు తనిఖీ చేసినవాణ్ణి. ఫుట్‌బోర్డు మీద కాలు పెడితే చాలు, టికెట్ లేనివాడికి చెమటలు పట్టేవి. ఒకడు నన్ను చూసి కదిలే బస్సులోంచి దూకి, వెనకొచ్చే బస్సెక్కాడు. అందులోనూ నేనే ఉన్నా. నవ్వకు, నిజం.

అందుకే, నా రక్త క్యాన్సర్‌కి ఈ యాంటీబాడీ మందు అనగానే నచ్చేసింది. కనబడినవాణ్ణల్లా బాదదట. చెడ్డ కణం ఒంటిమీద ఒక గుర్తుంటుందట, దాన్నే వెతికి పట్టుకుంటుందట. అదే గుర్తున్న మంచి కణాలూ పోతాయి గానీ, మళ్ళీ పుడతాయన్నారు పెద్ద డాక్టరు. పోనీండి అన్నాను. నా తనిఖీలోనూ పాసున్న పెద్దమనుషులు ఒకరిద్దరు దిగాల్సొచ్చింది.

దుప్పటెందుకు మీదికి లాగుతున్నావు? నా చేతులెప్పుడూ ఇలాగే వణుకుతాయి, ముసలితనం. పళ్ళు కొట్టుకోవడం కాదది, మాట్లాడుతున్నాగా.

అలా చూడకు. పక్క కుర్చీలో మాస్టారి సంగతి నేను చూళ్ళేదా? ఒళ్ళంతా దద్దుర్లొచ్చాయని నోరు జారాడు పాపం. మందు ఆపేసి, చక్రాల కుర్చీలో తోసుకుపోయారు. ఆ కుర్చీ ఇంకా ఖాళీగానే ఉంది. నాకూ ఇది పడదని తేల్చేస్తే ఇంకేం మిగిలింది? పాత మందు పనిచెయ్యలేదని మీరేగా అన్నారు. సంచిలో ఇంకా సగం ఉంది. అది నా ఒంట్లోకి వెళ్ళాల్సిందే.

ఏమిటీ? కాసేపు ఆపి, ఇంకో సూది వేసి, తగ్గాక మెల్లగా మళ్ళీ మొదలుపెడతారా? మాస్టారు పై గదిలో అదే ఎక్కించుకుంటున్నాడా? ఈ ముక్క ముందే చెప్పొచ్చుగా తల్లీ.

చెప్పావా? నేనప్పుడు నీ మాటకి అడ్డంపడి ఏవో కోతలు కోస్తున్నానేమో.

సరే, విను. చలి నువ్వు వేగం పెంచినప్పట్నుంచే ఉంది. గొంతు ఇందాకట్నుంచి బిగుసుకుంటోంది. ఆపు. డాక్టర్ని పిలు.

ఆ సంచి మాత్రం పారేశావో, ఊరుకోను. మిగిలింది ఎక్కేదాకా ఈ కుర్చీలోంచి నన్ను మీ పెద్ద డాక్టరు కాదు, ఆయన్ని కన్నవాళ్ళొచ్చినా లేపలేరు.