ఆనపబుర్రలో మడుగు నీళ్ళు

సన్నిబాబని ఒకడుండేవోడంట. మీసం దువ్వుకోడం తప్ప ఇంకో పని తెలీదు ఎదవకి. ఆడికి కొండకింద ఊరి ఆడపిల్ల ముత్యాల మీద మనసైపోనాది. ఆ గుంట దక్కకపోతే నాను బతకనని అన్నం మానేసి కూకుంటే, తల్లీతండ్రీ ఎల్లి అడిగినారు. ముత్యాల నాయనమ్మ ఎర్రాయమ్మ ఏటందంటే, కాదనం బాబూ, ఇస్తాం, కానీ మా ఊరి ఆనవాయితీ ఒకటుంది. పెళ్ళికొడుకు ఒక్కడే అడివిలోంచి నడిసెల్లి, కొండమీద మడుగు నీళ్ళు ఎండిన ఆనపబుర్రతో తేవాల, ఆ నీళ్ళతోనే పెళ్ళిబియ్యం వండతాం అన్నాదంట. అదేదో పెద్ద దారనుకునేరు! నా బోటి ముసిల్ది ఆకులేరుకోడానికి ఎల్లొచ్చే దారి. మెత్తటి మట్టి, దారంతా నీడ.

మనోడేం జేసినాడంటే, తలకి పాగా సుట్టి, బల్లెం అట్టుకుని, ఊరంతా సూసీలాగ బయల్దేరినాడు. జనం కనబడినంతసేపూ ఛాతీ ఇరుసుకుని నడిసినాడు. సెట్ల సాటుకెల్లగానే కాళ్ళు లాగేసినాయంట, పాపం! సగం దారిలో గెడ్డ పారతాది. నీళ్ళు తాగినాడు, సల్లగా ఉందని అక్కడే పడుకున్నాడు. లేసి, నీళ్ళు నీళ్ళే కదా, మడుగుదైతేనేటి గెడ్డదైతేనేటి, ఎవుడు సూడొచ్చినాడు అనుకుని, ఆనపబుర్ర ఆ గెడ్డలోనే ముంచేసి తిరిగొచ్చేసినాడు. సిగ్గు లేదు మనిసికి.

వొచ్చి ఎర్రాయమ్మ ఇంటి అరుగుమీద కూకుని మొదలెట్టినాడనుకో. "మడుగు గట్టుమీద పులి, మామ్మా! ఇంత పులి! నాను బల్లెమెత్తితే తోక ముడిసినాది." అక్కడున్న మగోళ్ళంతా నవ్వాపుకోలేక నేలసూపులు సూస్తన్నారు. ఈడు, నా మాటకి ఆళ్ళు జడుసుకున్నారనుకున్నాడు. ఎర్రాయమ్మ నెమ్మదిగా, "మడుగుకాడ ఎవులైనా అవుపించినారా బాబూ?" అనడిగినాది. "నరమానవుడు లేడు మామ్మా. నానూ, పులీ, అంతే" అన్నాడు.

ఆ ఊళ్ళో పెళ్ళైన మగోళ్ళు పైవోళ్ళకి సెప్పని సంగతొకటుంది. ఏటంటే, ఆ రోజు పెళ్ళికూతురు ముందుగా ఎల్లి, ఉడకబెట్టిన సిలగడదుంపలు మూటగట్టుకుని మడుగు గట్టున కూకుంటాది. ఇద్దరూ కలిసి తిని, పెళ్ళికి ముందు నాలుగు మాటలాడుకోడానికే ఆ నడకంతా. నీళ్ళెవుడిక్కావాల! అంతలో ముత్యాలు కొండ దిగొచ్చినాది, ఆడి పులి మాటలు సెవిన పడనే పడినాయి. పొద్దున్నుంచీ దారి సూసి సూసి ముకం వాడిపోనాది. ఏడుపొస్తన్నా ఏడవలేదు. మూట నాయనమ్మ ఒళ్ళో పెట్టి, ఆడికేసి తిరిగి, "నాను పొద్దున్నుంచీ ఆ గట్టుమీదే ఉన్నాను. నీ పులి నన్నెందుకు తినలేదో కనుక్కునిరా, అప్పుడు సేసుకుంటాను" అన్నాదంట.

అంతే, బల్లెం కూడా అక్కడే వొదిలేసి పోనాడు. పులి మూలంగా నా పెళ్ళి సెడిందని ఆళ్ళూళ్ళో ఇప్పటికీ సెప్పుకుంటాడంట. సెప్పుకోనీ, మనకేటి. దుంపలు మాత్రం బాగా ఉడికినాయంట. ఆ గుంటా నాయనమ్మా అరుగుమీద కూకుని తినేసినారు.