కనుబొమ్మలు చదవడం రాని పిల్ల

ఏడ్చానట! విన్నావా టైటస్, నేను ఏడ్చానట! టొరంటో పేపర్లో, నా ఫొటో కింద, ఇంతింత అక్షరాలతో. నలభయ్యారేళ్లు కాపురం చేశావు, నువ్వే చెప్పు, నేను నలుగురిలో ఏడ్చే మనిషినా? నువ్వు పోయిన రోజున కూడా వచ్చినవాళ్లందరికీ టీ కాచి పోశాను. పల్చగా ఉందన్నందుకు నీ తమ్ముణ్ణి తిట్టిపోశాను కూడా.

ఉండు, కాస్త కూర్చోనీ.

నీ శిలువ నించి ఒడ్డు అంచుకి నిరుడు పదిహేనడుగులు. ఇప్పుడు తొమ్మిది. వస్తూ అడుగులేసి చూశాను. కింద గడ్డకట్టిన నేల కరిగిపోతోంది, ఆర్కిటిక్ సముద్రం ఒక్కో తుపానుకి ఒక్కో ముక్క కొరుక్కుపోతోంది. సెప్టెంబరు తుపాను రాకముందే ఈ ఒడ్డు సమాధుల్ని గుట్ట మీదికి మారుస్తామన్నారా సర్కారువాళ్లు? జాబితాలో నీ పేరు మూడోది. మూడోది! బతికున్నప్పుడు దేంట్లోనైనా ముందున్నావా నువ్వు?

సరిగ్గా అప్పుడే దిగింది ఆ పేపరు పిల్ల. బ్రెన్నా. వాతావరణం పాడైపోవడం గురించి రాస్తుందట. మంచిదేలే, నా వేపుడు రొట్టెలు ఆరు తింది. కానీ నేనూ పక్కింటి రోజీ చేపలు ఆరేసుకుంటూ విరగబడి నవ్వుతుంటే, "నవ్వకండి మేబెల్ గారూ, సముద్రం వైపు చూడండి" అంటుంది! డెబ్బై ఏళ్లుగా చూస్తున్నాను, ఇవాళ కొత్తగా ఏం చూడను?

ఒడ్డున ఒంటరిగా నడవమంది. నాలుగుసార్లు! ఊళ్లో కుక్కలన్నీ వెంటపడుతుంటే ఒంటరితనం ఎక్కణ్ణించి తేను? చివరికి ఊరి ఆఫీసులో పనిచేసే మన ఆల్విన్‌ని కుక్కల కాపలాకి పెట్టి తీసింది ఆ ఫొటో.

తర్వాత ప్రశ్నలు. "సముద్రమంటే భయమేస్తోందా?" అంది. ముక్కు ముడిచాను. ముక్కు ముడిస్తే కాదని, కనుబొమ్మలెత్తితే అవునని మనూళ్లో పాలుతాగే పిల్లకి కూడా తెలుసు. ఏం రాసిందో తెలుసా? "భయంతో ఆ వృద్ధురాలి ముఖం ముడుచుకుపోయింది" అని! వృద్ధురాలట!

అది పోనీలే. "మీ ఆయన సమాధిని ఇక్కణ్ణించి తీయడం మీకిష్టమేనా?" అంది. కనుబొమ్మలెత్తాను. రెండూ, నుదురు నొప్పెట్టేలా ఎత్తాను. దానికేం రాసింది? "అడగకూడనిది అడిగినట్టు నిర్ఘాంతపోయి చూసింది. చనిపోయినవాళ్లని కదిలించడం వారి సంప్రదాయానికి విరుద్ధం కాబోలు."

కాబోలు! ఆ ఒక్క మాట నీ కొంప ముంచింది. నగరంలో జాబితా చేతిలో ఉన్న పెద్దమనుషులు అది చదివి కళ్లు తుడుచుకున్నారట. పెద్దావిడ మనసు నొప్పించకూడదని నీ పేరు కొట్టేశారు!

ఆఫీసుకి పోయి ఆల్విన్ మీద పడ్డాను. "నాకు తెలుసు పెద్దమ్మా, నువ్వు కనుబొమ్మలెత్తడం నేనూ చూశాను. కానీ వాళ్లు పేపర్లో వచ్చిందే నమ్ముతారు. ఆ అమ్మాయి చేతే తప్పు దిద్దించు" అన్నాడు. వాడి పక్క కుర్చీలోంచే ఫోన్ చేశాను.

"అయితే ఆయన్ని మార్చడం మీకు ఇష్టమేనని రాయమంటారా?" అంది ఆ పిల్ల.

నేను... నవ్వకు టైటస్. కనుబొమ్మలెత్తాను.

ఫోన్లో!

అవతల ఆ పిల్ల, "మీ మౌనం నాకర్థమవుతోంది" అని గొంతు వణికించి పెట్టేసింది. ఆల్విన్‌గాడు బల్లకింద దూరి నవ్వాడు. దొంగ సచ్చినోడు.

రేపు విమానంలో మళ్లీ వస్తోందట, ఆల్విన్ బతిమాలి రప్పిస్తున్నాడు. ఈసారి నోటితో చెప్పు పెద్దమ్మా అన్నాడు. ఒక్క ముక్క, 'అవును'. అంతేగా?

అంతేగా.

నీకొక్కడికే చెప్తున్నా. ఆ రోజు నేను కనుబొమ్మలెత్తింది అలవాటుకొద్దీ కాదు. నోరు తెరిస్తే గొంతులోంచి మాట బదులు ఇంకేదో వచ్చేలా ఉంది. అందుకని మూసుకున్నాను. ఫోన్లోనూ అంతే. నువ్వు నన్ను పెళ్లాడతావా అన్నప్పుడూ నోరు తెరవలేదు, గుర్తుందా? కనుబొమ్మలే. నువ్వు సరిగ్గానే చదువుకున్నావు. ఆ పిల్లకి అది ఎవరు నేర్పుతారు?

సరే, తెచ్చుకున్న టీ చల్లారిపోతోంది. రేపు నోరు తెరుస్తాను. దాని ముందే, ఆ కెమెరా ముందే. అవునంటాను. ఆ మాట వెనకాలే ఏడుపొస్తే రానీ. ఏడ్చానని ముందే అచ్చేశారుగా, ఒక్క ముక్కైనా నిజమవుతుంది పాపం.