కాపడం

ఇలా దగ్గరికి జరగండమ్మా, గట్టిగా చెప్పే మాట కాదిది. రొమ్ముల బరువు మోయలేక, తగ్గించే ఆపరేషన్ చేయించుకుని ఇంటికొచ్చిందో కూతురు. ఆ వాపు చూడలేక తల్లి వేడి గుడ్డతో కాపడం పెడుతోంది.

"వేడెక్కువైందా తల్లీ?"

"అసలు వేడే లేదమ్మా."

"అదేంటే, నా వేళ్లు చురుక్కుమంటుంటే!"

"ముసలైపోయావు, నీకన్నీ చురుక్కుమంటాయి. ఇంకాస్త వేడి చేసి పెట్టు."

"కోయించుకోవద్దే అంటే విన్నావా?"

"నా వీపు నొప్పి నీకుంటే నువ్వూ కోయించుకునేదానివి."

"సరేలే. ఇప్పుడు తెలుస్తోందా?"

"ఊహూ, పెట్టినట్టే లేదు."

తల్లి గుడ్డ ఎత్తింది. కుట్ల పక్కన చర్మం తెల్లగా ఉబ్బి, గుడ్డతో పాటే లేచొచ్చింది.

"గుడ్డ తీసేశావేంటమ్మా?"

"నీకు... నొప్పి పుట్టట్లేదా?"

"లేదు. అక్కడ కొన్నాళ్లు స్పర్శ ఉండదని డాక్టరమ్మ చెప్పిందిగా."

"నాకు చెప్పలేదే నువ్వు!"

"చెప్తే మళ్లీ గొడవ చేస్తావని ఊరుకున్నా. ఎందుకేడుస్తున్నావు?"

"కాల్చేశానే తల్లీ. నా చేతులారా కాల్చేశాను. లే, ఆస్పత్రికి పోదాం. నువ్వు మాత్రం కిందికి చూడకు."

కోసిన చోట వేడి తెలియదమ్మా. ఇది గుర్తుపెట్టుకుని పదిమందికీ చెప్పండి. కూతుళ్లకే కాదు, కాపడం పెట్టే తల్లులకీ చెప్పండి.