చిన్న దేశమే ముందు మాట్లాడాలి

బావగారూ, ఐదు దేశాల నుంచి వచ్చిన మిత్రులారా! నిన్న అక్కయ్యను సాగనంపాం. ఇవాళ మైకు ముందు నిలబడి ఆవిడ గురించి మాట్లాడటం నాకు తేలిక కాదు. అయినా చెప్పాలి. నేనే చెప్పాలి.

ఇరవై రెండేళ్లు మన కూటమి కార్యదర్శిగా సమావేశాలు నడిపింది ఆవిడే. అధ్యక్షుడని పేరు నాది, పెత్తనం ఆవిడది. ఆవిడ పెట్టిన పద్ధతి ఒక్కటే: అందరికంటే చిన్న దేశం ముందు మాట్లాడాలి, పెద్ద దేశం ఆఖరున. ఎందుకని అడిగితే, "పెద్దాయన ముందు మాట్లాడితే మిగతావాళ్లకి తలూపడమే పని" అనేవారు. ఆవిడ చెయ్యెత్తితే సేనాధిపతులు కూడా నోట్లో మాట మింగేసేవారు.

మనకు చమురు వచ్చే జలసంధిని శత్రువులు మూసేసిన ఏడాది గుర్తుందా? యుద్ధనౌకలు బయల్దేరడానికి సంతకాలే తరువాయి. ముందు మాట్లాడిన చిన్న దేశం ప్రతినిధి, "మా ఆసుపత్రుల్లో డీజిల్ ఆరు రోజులకే ఉంది" అన్నారు. అంతే! ముందు చమురు ఓడలు కదిలాయి, యుద్ధనౌకలు వాటికి కాపలా వెళ్లాయి. సైన్యాల కోసం పుట్టిన కూటమి ఆ రోజే ఇంధనం, తిండిగింజలు పంచుకోవడం నేర్చుకుంది. ఎవరి వల్ల?

మరి పోయిన నెల? బయటి దేశమొకటి మన సరుకుల మీద సుంకాలు పెంచింది. అందరికీ కంగారు. అక్కయ్య జ్వరంతో ఇంట్లో ఉన్నారు. తొందరలో పెద్ద దేశానికి ముందు మైకు ఇచ్చాను. అవును, నేనే. అరగంటలో పెద్ద దేశం మాటే తీర్మానమైపోయింది. చిన్న దేశం ప్రతినిధి రాసుకొచ్చిన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. వారం తిరక్కుండా తమ రేవు మనకు మూసేశారు, కూటమి నుంచి తప్పుకుంటామని ఉత్తరం రాశారు.

అక్కయ్య నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "తమ్ముడూ, ఆ కాగితంలో ఏముందో అడిగావా?" అన్నారు. జ్వరం తగ్గకుండానే కారెక్కారు. ఆ చిన్న దేశం మంత్రిగారి గది బయట బెంచీ మీద రెండు రోజులు కూర్చున్నారు. మూడో రోజు, పిలుపు రాకముందే, అక్కడే ఆవిడ గుండె ఆగిపోయింది.

ఆ ప్రతినిధి ఇవాళ వచ్చారు. ఆఖరు వరుసలో ఉన్నారు. అయ్యా, కూటమిలో ఉంటారో వెళ్తారో ఇవాళ నాలుగు గంటల సమావేశంలో మీరు చెప్పాలి. మీరు వెళ్తే ఆపదలో మీ రేవుకు కాపలా ఉండదు, మా ఓడలకు దారి ఉండదు. ఆ సంగతి నాకంటే మీకే బాగా తెలుసు. తప్పు నాది. బావగారి ఎదుట, వీళ్లందరి ఎదుట క్షమించమని అడుగుతున్నాను.

ఇంకా ఏదో చెప్పి ఒప్పించాలని ఉంది. చెప్పను. అందరం అక్కయ్య కోసం లేచి మౌనంగా నిలబడదాం. ఎంతసేపు? చిన్న దేశమే ముందు కదా, ఆ ప్రతినిధిగారు కూర్చునేదాకా. కూర్చోకుండా వెళ్లిపోతే, ఆయన వెనక ఆ తలుపు మూసుకునేదాకా.