మేయరు గదిలో పంది

విసాయా దీవుల్లోని ఆ చిన్న ఊళ్ళో తుఫాను వెలిసింది. చేపల వేటకెళ్ళిన మొగుడు పొద్దున్నే ఊరంతా తలదాచుకున్న పురపాలక కార్యాలయం మెట్లెక్కి రావడం చూసి ఆమె ఎదురు పరిగెత్తింది.

"ఎక్కడ చచ్చావయ్యా రెండ్రోజులు?"

"గాలి పడవని పక్క దీవికి కొట్టేసింది. మన పంది ఏదీ?"

"మేయరు గదిలో. ఇల్లు మునిగితే వెంట తెచ్చా."

"ఆయనేం అన్లేదా?"

"వచ్చే నెల ఓట్లు. ఏమంటాడు? తనే వరండాలో పడుకున్నాడు. మీ అక్క మాత్రం నిన్నట్నుంచి కత్తి నూరుతోంది."

"కత్తి దేనికే?"

"నువ్వు పోయుంటే, దినం భోజనాలకి కొయ్యాల్సింది దాన్నేగా."

అతను నవ్వాడు. ఆమె కళ్ళు తుడుచుకుంది.

"పద, ముందు దానికి కనిపించు. నాకంటే ఎక్కువ నీకోసం ఎదురుచూసింది అదే."